పడవలో దిండు

సాక్ష్యాల సమయం వచ్చిందంటే నా కాళ్ళు ఊరుకోవు. ఆదివారం ఆరాధనలో పాటలు అయిపోయాక, వాక్యం మొదలుకాక ముందు, "ఈ వారం దేవుడు చేసిన మేలు ఎవరైనా చెప్పుకోవాలంటే లేవండి" అని పాస్టరు అయ్యగారు అంటారు. ఆ మాట చెవిన పడగానే చాప మీద మడిచి పెట్టుకున్న నా కాళ్ళలో చీమలు పాకుతాయి. యాకుత్‌పురా స్టేషను వెనక సందులో, రేకుల కప్పు కింద ఉన్న మా మందిరంలో నేను చెప్పినన్ని సాక్ష్యాలు ఎవరూ చెప్పి ఉండరు. మా ఆయనకు వాటర్ బోర్డులో పని ఖాయం అయినప్పుడు చెప్పాను. కూతురికి డెంగ్యూ తగ్గినప్పుడు చెప్పాను. వానకు మా గోడ ఆపక్కకు కూలి, ఈపక్కకు కూలనందుకు కూడా చెప్పాను. చదువు రాని మనిషికి నలుగురిలో లేచి నిలబడే చోటు అదొక్కటే. పుస్తకం తెరవనక్కరలేదు. నోరుంటే చాలు.

ఆ నోటితోనే నా కూతురి తల ఒకసారి దించాను.

దానికి మొదటి కడుపు ఐదో నెలలో పోయింది. రెండోసారి నాలుగో నెల రాగానే నేను ఆగలేకపోయాను. కూతురు నా పక్కనే కూర్చుని ఉండగా లేచి, "నా బిడ్డ కడుపు పండింది. ఈసారి దేవుడు నిలబెడ్తడు. పుట్టిన పిల్లను ఎత్తుకొని ఇదే జాగల నిలబడి మళ్ళ సాక్ష్యం చెప్త" అన్నాను. ఇంకా జరగని మేలుకు ముందుగానే స్తోత్రం చెప్పడం మాలో పెద్ద విశ్వాసం కింద లెక్క. అందరూ చప్పట్లు కొట్టారు. నా కూతురు చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చాప వంకే చూస్తూ కూర్చుంది. మూడు వారాలకు అదీ పోయింది.

చూడడానికి వచ్చినవాళ్ళలో ఒకామె చాయ్ గ్లాసు కింద పెడుతూ, "విశ్వాసంల ఎక్కడనో లోపం ఉన్నట్టున్నది, చూసుకోండ్రి" అంది. మంచి మనసుతోనే అంది. నేను కూడా వేరేవాళ్ళ ఇళ్ళలో ఆ మాటే అని వచ్చినదాన్ని. ఆమె గడప దాటాక, గోడవైపు తిరిగి పడుకున్న నా కూతురు తల తిప్పకుండానే అడిగింది.

"నీ సాక్ష్యం నిలబెట్టనీకి నేను కనాల్నా అమ్మా?"

ఆ తర్వాత అది మందిరానికి రాలేదు.

మూడోసారి కడుపు నిలిచినప్పుడు సర్కారు దవాఖానాలో డాక్టరమ్మ గర్భసంచి మూతికి కుట్టు వేసింది. బరువు ఎత్తొద్దు, మెట్లు ఎక్కొద్దు, ఎక్కువసేపు పడుకునే ఉండాలి అంది. అల్లుడు డెలివరీ వ్యాను తోలుతాడు, పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇంటికి చేరతాడు. అందుకని దాన్ని ఉప్పుగూడలో మా ఇంటికి తీసుకొచ్చాం. ఆటో దిగి, గోడ పట్టుకుని నిదానంగా లోపలికి వచ్చి, మంచం మీద కూర్చుని ముందు ఇదే చెప్పింది.

"అమ్మా, రెండు మాటలకు ఒప్పుకుంటేనే ఇక్కడ ఉంట. చర్చిల ఎవ్వరికి చెప్పొద్దు. నా ముందర మోకాళ్ళ మీద కూసొని ఏడ్వొద్దు."

"ఏడ్వ బిడ్డా."

"ప్రార్థన కూడ వద్దు. నా పేరు పెట్టి అసలే వద్దు."

"మనసుల చేసుకుంటే?"

"మనసుల చేసుకుంటే నాకేం తెలుస్తది? గాని నీ మూతి కదల్తది గద, అది కదలొద్దు."

ఒప్పుకున్నాను. ఒప్పుకున్న క్షణం నుంచి నాకు నిలకడ లేదు. నేను ఇంట్లోనే లక్క గాజులకు రాళ్ళు అతికించే పని చేస్తాను. కార్ఖానా నుంచి కట్టలు వస్తాయి, జిగురు పూసి, సన్నటి పట్టకారుతో ఒక్కొక్క రాయి కూర్చాలి. చేయి నిలకడగా ఉండాల్సిన పని. ఆ రోజుల్లో నా చేతిలో రాయి వంకరగా కూర్చునేది, మళ్ళీ పీకేదాన్ని. మా ఇంటి వెనకే రైలు పట్టాలు. బండి పోయినప్పుడల్లా గూట్లో స్టీలు గ్లాసులు గలగలమంటాయి. ముప్పై ఏళ్ళుగా ఆ చప్పుడు నేను వినలేదు, అలవాటైపోయింది. ఇప్పుడు ప్రతి బండికీ ఉలిక్కిపడి, ఆ అదురుకు కుట్టు ఊడుతుందేమోనని మంచం వైపు చూసేదాన్ని. దాని పాదాలు వాచాయా, పెదాలు ఎండాయా, దుప్పటి మీద మరకేమైనా ఉందా. బియ్యం కడిగేటప్పుడు గిన్నెలోకి వంగి ప్రార్థన చేసుకునేదాన్ని. మూతి కనబడకుండా.

అంతకు ముందు సంవత్సరమే నేను అక్షరాలు నేర్చుకున్నాను. యాభై రెండో ఏట. మా మందిరానికి వచ్చే ఒక రిటైరైన టీచరమ్మ, శుక్రవారం మధ్యాహ్నాలు వరండాలో మా ఐదుగురు ఆడవాళ్ళకు పలకలు ఇచ్చి నేర్పింది. అప్పటిదాకా పాటల పుస్తకం చేతిలో పట్టుకుని, పక్కామె పేజీ తిప్పినప్పుడు నేనూ తిప్పేదాన్ని. పాటలన్నీ నోటికి వచ్చు, వాక్యాలూ వచ్చు. ఆ సంగతి టీచరమ్మకు తెలుసు. కూడబలుక్కుని చదవడం వచ్చాక ఒక శుక్రవారం ఆమె అంది, "మీరందరు నోటికి చెప్తున్నరు, కండ్లతోని చూస్తలేరు. అర్థం నాకు చెప్పొద్దు, అది అయ్యగారు చెప్తరు. చదివిన దాంట్ల మీకు తెల్వనిది ఒక్కటి పట్టుకరాండ్రి."

"తెల్వనియి మస్తున్నయి టీచరమ్మా, సంచి తేవాల్నా?" అని ఒకామె అంటే అందరం నవ్వాం. కానీ నాకు లోపల భయం వేసింది. దేవుణ్ణి ప్రశ్నలు అడిగితే నమ్మకం లేనట్టే అని మా అత్త చెప్పేది. మొదటి రెండు వారాలు, "నాకేం దొరకలే" అని చేతులు ముడుచుకుని కూర్చున్నాను.

కూతురు వచ్చాక, నాకు మోకాళ్ళ నొప్పని టీచరమ్మకు ఏదో చెప్పి తరగతి మానేశాను. ఇంట్లోనే, అన్నాలు తిన్నాక, గాజుల పళ్ళెం పక్కన పెట్టి గ్రంథం తెరిచేదాన్ని. ప్రార్థన వద్దంది గాని చదవొద్దనలేదు కదా. వేలు పెట్టి, పెదాలతో, ఒక్కొక్క అక్షరం.

ఒకరోజు గాలివాన భాగం వచ్చింది. సాయంత్రం పూట పడవ ఎక్కి అవతలి ఒడ్డుకు బయలుదేరడం, పెద్ద గాలి లేవడం, అలలు పడవలోకి కొట్టడం. ప్రభువు నిద్రపోతుంటే శిష్యులు లేపడం, ఆయన గద్దిస్తే గాలి ఆగిపోవడం. చిన్నప్పటి నుంచి విన్న కథ. ఎన్నిసార్లు విన్నానో. కానీ నా వేలు ఒకచోట ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి పోయి చదివాను. మళ్ళీ చదివాను.

"ఏమైందే, బండి ఆగింది?" అంది మంచం మీద నుంచి కూతురు. డాక్టరమ్మ చెప్పినట్టు ఎడమవైపు తిరిగి పడుకుని ఉంది. అంతసేపూ వింటోందని నాకు తెలియదు.

"దిండు అని ఉన్నది."

"ఏం దిండు?"

"పడవ వెనక భాగంల తల కింద దిండు పెట్టుకొని పండుకున్నడంట. ఇన్నేండ్లల్ల ఈ దిండు ఎవ్వరు చెప్పలే నాకు."

"చేపల పడవల దిండేందే?" మోచేతి మీద లేవబోయింది. "పండు, పండు" అని పరుగెత్తాను. పడుకునే అడిగింది. "ఇంటికెళ్ళి ఎత్తుకొచ్చుకున్నడా?"

"ఆయనకు ఇల్లెక్కడిది బిడ్డా?"

"మరి ఎవరిచ్చిండ్రు?"

నాకు తోచింది చెప్పాను. "శిష్యుడి అత్త ఒకామె జ్వరం తగ్గి లేచింది గద. ఆమె పెట్టి పంపిందేమో."

"అత్తలు దిండ్లు పెట్టి పంపుతరా? నా అత్తనైతే ఉన్న దిండు గుంజుకుంటది" అంది. రెండేళ్ళ తర్వాత నా కూతురు నవ్వడం విన్నాను. కుట్టు ఉన్న కడుపు కదా, "నవ్వకు, మెల్లగ నవ్వు" అని నేనే కసిరాను.

అంతలో పక్కింటి ఆపా గిన్నెలో ఖిచిడీ తెచ్చింది. ఆమెకు డెబ్బై దాకా ఉంటాయి. ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. భర్త ఉన్నన్నాళ్ళు రజాయిలు, పరుపులు కుట్టే దుకాణం నడిపారు. ఇప్పటికీ ఆమె జాకెట్టు మీద ఎక్కడో ఒక దూది పోగు అంటుకుని ఉంటుంది.

"ఖాలా, నువ్వు చెప్పు. పడవల దూది దిండు పెడ్తరా?" అని అడిగింది నా కూతురు.

ఆపా గిన్నె పక్కన పెట్టి, కోర్టులో సాక్షిలాగా నిలబడింది. "దూదా? నక్కో, పనికిరాదు. దూది నీళ్ళు తాగితే బండ లెక్క అయితది. తోలుది ఉంటది. లోపట మేక వెంట్రుకలో, గడ్డో నింపుతరు. పడవ నడిపేటోళ్ళు కూసుంటరు చూడు, గది. ఎవరు పండుకున్నరు దాని మీద?"

చెప్పాం.

"ఈసా నబీనా?" మా ప్రభువును వాళ్ళు అలాగే అంటారు. తల మీద కొంగు సర్దుకుంది. "అంత తూఫాన్‌ల పండుకున్నరంటే మస్తు అలిసిపోయి ఉంటరు, పాపం."

ఆయన గాలిని గద్దించిన సంగతి నేను వందసార్లు సాక్ష్యంలో చెప్పాను. ఆయన అలిసిపోయాడని ఒక్కసారి కూడా అనుకోలేదు.

మరునాడు అన్నం తిన్నాక కూతురే అడిగింది, "ఇయ్యాల తెల్వనిది ఏమన్న దొరికిందా?" దొరికింది. తర్వాతి రోజూ దొరికింది. ఐదు రొట్టెలు తెచ్చిన పిల్లవాడి తల్లి ఆ రోజు వాణ్ణి వెతుక్కుంటూ వచ్చిందా? నలుగురు కలిసి కప్పు విప్పి రోగిని కిందికి దించారు సరే, ఆ ఇంటివాళ్ళకు కప్పు ఎవరు మళ్ళీ వేశారు? "నాయినకు ఫోన్ చేసి పిలిచి ఉంటరు రేకులు వెయ్యనీకి" అనేది నా కూతురు. ఇన్నేళ్ళు ఆయన్ను ఇది ఇయ్యి, అది ఇయ్యి అని అడిగాను. ఇది ఏంది అని ఎప్పుడూ అడగలేదు. అడిగేకొద్దీ ఆ పాత కథల్లో మనుషులు మసలుతున్నట్టు అనిపించేది. మా సందులోలాగే, ఒకరి చప్పుడు ఒకరికి వినబడుతూ.

అయినా భయం ఎక్కడికీ పోలేదు. చదువుతున్నంతసేపు గడప బయట కూర్చునేది. పుస్తకం మూయగానే లోపలికి వచ్చేది.

ఏడో నెలలో ఒక మధ్యాహ్నం, అన్నం తిన్నాక కడుపు మీద చేయి వేసుకుని పడుకున్న నా కూతురు, "అమ్మా, పొద్దుగాల నుంచి కదల్తలేదు" అంది. డాక్టరమ్మ రోజూ కదలికలు లెక్కపెట్టమంది. నేను నిమ్మరసం కలిపి ఇచ్చాను. "ఎడమకు తిరిగి పండు. జర సేపు చూసి ఆటో పిలుస్త" అన్నాను. వంటింట్లోకి పోయి ఫోను తీశాను.

మా మందిరం ఆడవాళ్ళకు ఫోనులో ఒక ప్రార్థన గ్రూపు ఉంది. ఎవరికి ఏ కష్టం వచ్చినా అందులో పెడితే అందరూ ఎక్కడివాళ్ళు అక్కడ మోకరిస్తారు. నేను అంతవరకు దానిలో వినడమే గాని రాసింది లేదు. నోటితో చెప్పి పంపొచ్చు, కానీ చెబితే అవతల గదిలోకి వినబడుతుంది. అందుకని రాశాను. ఒక్కొక్క అక్షరం వెతికి, ఒత్తు ఎక్కడుందో దొరక్క, చెరిపి, మళ్ళీ కొట్టి. బిడ్డ కడుపుతో ఉందని, ఏడో నెలని, పొద్దున నుంచి కదలిక లేదని. నా చేత్తో నేను రాసిన మొదటి ప్రార్థన విన్నపం అది. ఎంతసేపు పట్టిందో తెలియదు. పంపే గుర్తు నొక్కాను. నొక్కి ఫోను పొయ్యి గట్టు మీద పెట్టేలోపు లోపలి నుంచి కేక.

"అమ్మా! కదిలింది! రెండుసార్లు తన్నింది, దా!"

పోయి చేయి పెట్టాను. మూడోసారి నా అరచేతికే తగిలింది. ఏడ్వనని మాటిచ్చాను గనక పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది ఫోను. పంపినదాన్ని ఎలా వెనక్కి తీసుకోవాలో నాకు తెలియదు. రాయడం నేర్చుకున్నాను గాని చెరపడం నేర్చుకోలేదు. తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కతే ఉంది, దాన్ని అడగలేను.

వంటింట్లో ఫోను మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది.

"ఎవరే అన్నిసార్లు?" అంది కూతురు. నా మొహం చూసి చేయి చాపింది. ఫోను తెచ్చి ఇచ్చాను. చదివింది. నేను రాసింది, దాని కింద వరసగా వచ్చిన చేతులు జోడించిన బొమ్మలు, "అయ్యో మాకు తెల్వదే", "ఎన్నో నెల వదినా", "మేం ఉపవాసం పడ్తం". అంతా చదివి ఫోను దిండు కింద పెట్టింది.

"నేను అడిగింది ఒక్కటే గద అమ్మా."

"తప్పయింది బిడ్డా. భయమైంది."

"నాకు కాలేదా? నేనెవరికన్న చెప్పిన్నా?"

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తిన్నది, మందులు వేసుకుంది, ఎడమవైపే పడుకుంది. నేను చదవబోతే కళ్ళు మూసుకునేది. నేను రాళ్ళు అతికిస్తూ, పీకుతూ, లేచి కుండలో నీళ్ళు ఉన్నాయో లేదో చూసి మళ్ళీ కూర్చుంటూ గడిపాను. మా ఆయన పని నుంచి వచ్చి ఇద్దరి మొహాలూ చూసి, "ఏంది, లైన్ కట్టయిందా?" అన్నాడు. ఎవరమూ నవ్వలేదు.

మూడో రోజు పొద్దున అయ్యగారి భార్య వచ్చింది. మేం అమ్మగారు అంటాం. చంకలో సంచి, చేతిలో నూనె సీసా. రోగుల తల మీద నూనె రాసి ప్రార్థన చేయడం మాలో ఉంది. ఆమె నాకు ముప్పై ఏళ్ళుగా పెద్ద దిక్కు. నేను లేచి గడపలో నిలబడ్డాను. పక్కకు జరగలేదు.

"బిడ్డ ఎట్లున్నది? జర చేయి పెట్టి ప్రార్థన చేసి పోతా."

"లోపలికి వద్దు అమ్మగారూ."

ఆమెకు అర్థం కాలేదు. "పండుకున్నదా?"

"మెలకువనే ఉన్నది. చర్చిల చెప్పొద్దని నాతోని మాట తీసుకున్నది. నేనే మాట తప్పిన. ఇంగ తప్ప."

దేవుని సేవకురాలిని గడపలో ఆపిన మనిషి గురించి రేపు ఎవరేమంటారో నాకు తెలుసు. అమ్మగారి మొహం ఎర్రబడింది. కాసేపు నూనె సీసా మూతను తిప్పుతూ నిలబడింది. ఆ తర్వాత మా మెట్టు మీద కూర్చుంది.

"మరి నన్నేం చెయ్యమంటవు?" అంది. కోపంగా అడగలేదు. నిజంగానే తోచక అడిగింది.

నోటికొచ్చింది అడిగాను. "గాలివానల ఆయన తల కింద దిండు ఉన్నది గద. అది ఎవరిదో అయ్యగారిని అడుగుతారా?"

"ఏం దిండు?" అందావిడ, అచ్చం నా కూతురిలాగే.

ఆమె వెళ్ళిపోయాక లోపలికి వచ్చాను. కూతురు గోడవైపు తిరిగి లేదు, నా వైపే తిరిగి ఉంది.

"అమ్మగారిని మెట్ల మీద కూసోవెట్టినవా?"

"ఆమెనే కూసున్నది."

దుప్పటి సర్దుకుంది. తర్వాత అంది, "పుస్తకం తియ్యి. ఆ పడవ దగ్గరికే పో. నిన్నటికెళ్ళి ఒకటి తిరుగుతున్నది తలకాయల."

తీశాను. "నువ్వు చదివినప్పుడు, ఆయన పడవతోని ఇంకా వేరే పడవలు కూడ పోయినయని విన్నట్టున్న. ఉన్నదా?"

వేలు పెట్టి వెతికాను. ఉంది. ఒక్క ముక్కలో ఉంది. నేను దాటిపోయాను.

"వాళ్ళ సంగతేంది?" అంది నా కూతురు. "గాలి వాళ్ళకు కూడ వచ్చింది గద. వాళ్ళ పడవల ఎవ్వరు పండుకొని లేరు. లేపనీకి మనిషే లేడు. గాలి ఆగినప్పుడు వాళ్ళకు కూడ ఆగింది. ఎందుకు ఆగిందో కూడ తెల్వదు వాళ్ళకు."

జవాబు చెప్పాలని నోరు దురద పెట్టింది, సాక్ష్యాల సమయంలోలాగా కాళ్ళలో చీమలు పాకాయి. నోరు మూసుకుని కూర్చున్నాను. అది ఏ పడవలో కూర్చుని అడుగుతోందో నాకు తెలుసు.

నాలుగు రోజులకు అమ్మగారు ఫోను చేసింది. "అయ్యగారు ఉన్న పుస్తకాలన్ని తీసిండ్రు. దిండు ఎవరిదో తెల్వదన్నరు." అయ్యగారు ఒక సంగతి తెలియదనడం నేను వినడం అదే మొదలు. ఎందుకో ఆ రోజు రాళ్ళు సరిగ్గా కూర్చున్నాయి.

ఎనిమిదో నెల పడిన వారానికే, పొద్దున పాలు కాగుతుండగా ఉమ్మనీరు పోయింది. ఏడో నెల పిల్ల బతుకుతుంది గాని ఎనిమిదో నెలది నిలవదని మా పెద్దవాళ్ళు అనేవారు. ఆ మాట తప్ప నా తలలో ఇంకేమీ లేదు. ఆపా ఆటో ఆపింది. సందు మలుపులో గుంతలున్న చోట ఆటో అతన్ని, "భాయ్, ఆహిస్తా, మెల్లగ, కోడిగుడ్లు అనుకో" అని కసిరింది. నా కూతురు నా భుజం మీద తల పెట్టి, నొప్పికి నొప్పికి మధ్య అంది, "ప్రార్థన చేసుకుంటే చేసుకో. నీ మూతి కొట్టుకుంటున్నది. గాని మెల్లగ."

మూతి కదిలించాను. మాటలు రాలేదు. నిలబెడతావు, చేస్తావు, నమ్ముతున్నాను అని ముప్పై ఏళ్ళు చెప్పిన మాటలు ఒక్కటీ రాలేదు. "ఉన్నవా?" అని అడిగాను. అంతే. చాదర్‌ఘాట్ దాటి దవాఖానా గేటు వచ్చేదాకా అదే అడిగాను.

లోపలికి తీసుకుపోయేటప్పుడు, స్ట్రెచర్ మీద నుంచి నా వేలు పట్టుకుని, "దిండు ఎవరిదో తెలిసిందా?" అంది. పెదాలు తెల్లగా ఉన్నాయి.

"ఇంక తెల్వలే. నువ్వు రా, చూద్దాం."

ఆడపిల్ల. రెండు కిలోలు కూడా లేదు. ఏడ్చిందని నర్సు చెప్పింది గాని ఆ ఏడుపు నేను వినలేదు. పదహారు రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. ముక్కుకు గొట్టం, కాలికి తీగ. నన్ను రోజుకు ఒకసారి అద్దం ఇవతల నుంచి చూడనిచ్చేవాళ్ళు. ఒకరోజు బరువు తగ్గింది, ఒకరోజు పెరిగింది. ఒకరోజు కామెర్లు అన్నారు. కూతురు పాలు పిండి చిన్న గిన్నెలో పంపేది. అమ్మగారు రెండుసార్లు వచ్చి వరండాలో నా పక్కన కూర్చుంది. నూనె సీసా తేలేదు, ఫ్లాస్కులో చాయ్ తెచ్చింది.

పిల్ల ఇంటికి వచ్చిన రోజు అమ్మగారు ఫోను చేసి, "ఈ ఆదివారం సాక్ష్యం ఉంటదా?" అని అడిగింది.

"బిడ్డను అడిగి చెప్త" అన్నాను. అడిగాను.

"చెప్పేది నాది. ఎప్పుడు అనిపిస్తే అప్పుడు చెప్త, లేకపోతే లేదు" అంది నా కూతురు. సరే అన్నాను. ఆ మాటే అమ్మగారికి చెప్పాను. ఆదివారం మందిరానికి పోయాను. ఆ సమయం వచ్చినప్పుడు రెండు చేతులతో మోకాళ్ళు నొక్కి పట్టుకుని కూర్చున్నాను.

తిరిగి వచ్చేసరికి ఆపా మా ఇంట్లో ఉంది. ఒళ్ళో అరచేయంత దిండు. తెల్లటి పాత మల్లు గుడ్డతో కుట్టింది, నాలుగు మూలలా చిన్న కుట్లు. పట్టుకుంటే లోపల గింజలు ఇసుకలాగా జారుతున్నాయి.

"ఏముంది ఖాలా దీంట్ల?" అంది నా కూతురు.

"రాయీ, అదే, ఆవాలు. పిల్ల తలకాయ గుండ్రంగ కూసుంటది. మా ఇంట్ల అందరి పిల్లలకు ఇదే."

"ఇయ్యాలనే కుట్టినవా?"

ఆపా నా వైపు చూసి నవ్వింది. "ఇయ్యాల యాడ? నువ్వు ఆటో దిగి గోడ పట్టుకొని లోపలికి పోయినవు చూడు, ఆ వారమే కుట్టిన. పుట్టకముందు ఏం తేవొద్దని మీ అమ్మ భయపడ్తది గద, అందుకే నా పెట్టెల పెట్టుకున్న."

నాలుగు నెలలు. అన్ని రోజులూ ఒక్క గుడ్డముక్క కొనడానికి నాకు ధైర్యం చాలలేదు. ముందుగా స్తోత్రం చెప్పిన నోరు నాది. గోడకు అవతల ఆ దిండు పెట్టెలో ఉంది, నాకు తెలియదు. నా కూతురు దాన్ని చేతిలోకి తీసుకుని, గింజలు ఒక మూలకు జార్చి, ఇంకో మూలకు జార్చి, చాలాసేపు చూసింది. తర్వాత పిల్ల తల ఎత్తి దాని కింద పెట్టింది.

పిల్లకు కళ్ళ పరీక్ష ఇంకా ఉంది. నెలకోసారి బరువు చూపించాలి. నా ఫికర్ నాకు ఉండనే ఉంది, అది పోతుందని నేనిప్పుడు అనుకోవడం లేదు. దిండు పెట్టిన కాసేపటికి వెనక పట్టాల మీద బండి వచ్చింది. గూట్లో గ్లాసులు గలగలమన్నాయి, మంచం కోళ్ళు అదిరాయి. పిల్ల కదల్లేదు. వంగి, ఊపిరి ఆడుతోందో లేదోనని దాని ముక్కు కింద వేలు పెట్టబోయాను.

నా కూతురు నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పండుకున్నదే అమ్మా. లేపకు."